ఆఫీసుకి రోజూ 12 కి.మీ.: రోడ్ సైకిల్‌తో మొదలుపెట్టాలంటే ఏమేం చూసుకోవాలి?

కొత్త_పెడల్:

అందరికీ నమస్కారం. ఇంటి నుంచి ఆఫీసు 12 కి.మీ. తారు రోడ్డే, మధ్యలో రెండు ఫ్లైఓవర్లు, చివరి 3 కి.మీ. మాత్రం గుంతలు. లాప్‌టాప్, చార్జరు, మార్చుకునే బట్టలు అన్నీ కలిపి 5 కేజీల దాకా మోయాలి. సెలవు రోజుల్లో 40, 50 కి.మీ. తొక్కాలని కూడా ఉంది కాబట్టి వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ సైకిలే తీసుకుందామనుకుంటున్నాను. నా బరువు 74 కేజీలు. గేర్ల సైకిల్ ఇంతవరకూ తొక్కలేదు.

రెండు పనులకీ ఒకే సైకిల్ సరిపోతుందా? కొనేటప్పుడు ఏం చూడాలి, కొన్నాక ముందుగా ఏం సరిచేసుకోవాలి? "మంచి బ్రాండు చూసి తీసుకోండి" అనే జవాబులు చాలానే చదివాను. కాస్త కొలతలతో సహా చెప్పండి, ప్లీజ్.

ఇరుసు:

ఒకటే సరిపోతుంది, కానీ ఏది పడితే అది కాదు. బ్రాండు సంగతి పక్కన పెట్టి ముందు ఫ్రేములో, ఫోర్కులో టైరుకి ఎంత చోటుందో అడగండి. 32 మి.మీ. టైరు పట్టాలి. మడ్‌గార్డ్ బిగించాక కనీసం 28 అయినా పట్టాలి. పాత రేసు ఫ్రేములు చాలావాటిలో 25 దాటితే టైరు బ్రేకుకి రాసుకుంటుంది. తర్వాత వెనక ఇరుసు దగ్గరా, సీటు కింది గొట్టాల మీదా మరలున్న చిన్న రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. క్యారియర్, మడ్‌గార్డ్ బిగించేది వాటికే. కొనేటప్పుడు ఎవరి కళ్ళూ వాటి మీద పడవు, కొన్నాక లేవని తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఈ రెండూ ఉన్నవాటిని సాధారణంగా ఎండ్యూరెన్స్ లేదా ఆల్‌రోడ్ అని అమ్ముతారు. రేసు సైకిల్ కన్నా వీటి హ్యాండిల్ కాస్త ఎత్తుగా, ఒంటికి దగ్గరగా ఉంటుంది. ట్రాఫిక్‌లో తలెత్తి చూసుకుంటూ పోవడానికి అదే మేలు.

గేర్లు (ఈ అంకెలు పళ్ళ చక్రాల పళ్ళ లెక్క): ముందు 50/34, వెనక 11-32 లేదా 11-34 ఉంటే ఫ్లైఓవర్ గురించి మర్చిపోండి. ముందు 34, వెనక 34 వేస్తే పెడల్ ఒక చుట్టుకి చక్రం కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది, బరువుతో ఉన్నా కూర్చునే ఎక్కేస్తారు. వెనక 11-25 ఉన్న సైకిల్ అయితే లేచి నిలబడి తొక్కాల్సి వస్తుంది.

రోజూ వాడే సైకిల్‌కి డిస్క్ బ్రేకులు తీసుకోండి. పొడి రోడ్డు మీద రిమ్ బ్రేకుకి వంక పెట్టడానికేం లేదు. వానలో మాత్రం ప్యాడ్లు ముందు రిమ్ము మీది నీళ్ళు తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. ఇసుక కలిసిన నీళ్ళయితే రిమ్మునే అరగదీస్తాయి.

సైజు విషయంలో స్టిక్కర్ మీది అంకెను నమ్మకండి. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 54 ఒకటి కావు. స్టాక్, రీచ్ అని రెండు కొలతలు ఇస్తారు. పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి హ్యాండిల్ వైపు ఫ్రేము గొట్టం పై అంచుకి ఎంత ఎత్తుందో అది స్టాక్, అడ్డంగా ఎంత దూరముందో అది రీచ్. పోల్చాల్సింది వీటినే. రెండు సైజుల మధ్య ఎటూ తేలకపోతే చిన్నది తీసుకోండి. సీటు పైకి లేపొచ్చు, పొడుగు స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కు గొట్టానికి కలిపే ముక్క) వేయొచ్చు, కానీ పెద్ద ఫ్రేమును కుదించలేం.

ఇంటికి తెచ్చాక మొదటి పని సీటు ఎత్తు. సైకిల్ బూట్లు కాకుండా మీరు తొక్కే బూట్లతోనే గోడ పట్టుకుని కూర్చుని, మడమని పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పండి. పెడల్ అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు మోకాలు సరిగ్గా నిటారు కావాలి. నడుము ఒక పక్కకి ఒరగకూడదు. ఆ తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలిలో చిన్న వంపు మిగులుతుంది, కావలసింది అదే. లెక్క కావాలనుకుంటే లోపలి కాలు పొడవుని (గజ్జల నుంచి నేల దాకా) 0.883తో గుణించండి. కాలు 80 సెం.మీ. అయితే 70.6 వస్తుంది. పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు అంత ఉండాలి. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. మోకాలి ముందు నొప్పి వస్తుంటే సీటు తక్కువైంది, మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువైంది. మార్చేటప్పుడు ఒకేసారి 3, 4 మి.మీ. కన్నా ఎక్కువ కదపకండి. కుదిరిన చోట సీటు గొట్టానికి టేపుతో గుర్తు పెట్టుకోండి.

గాలిపంపు:

ఇరుసు గారు గాలి సంగతి వదిలేశారు. కొత్తవాళ్ళకి సైకిల్ మీద విరక్తి పుట్టించేది అదే. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అక్కడిదాకా కొట్టమని కాదు. మీ 74 కేజీలు, సామాను 5, సైకిల్ ఓ 10 అనుకుంటే 32 మి.మీ. టైరుకి వెనక 65, ముందు 60 పీఎస్ఐతో మొదలుపెట్టండి. 28 అయితే వెనక 80, ముందు 75. ఆ గుంతల్లో చేతులు అదిరిపోతుంటే 5 తగ్గించండి, రిమ్ము నేలకి కొట్టుకున్నట్టు "టక్" అని తగిలితే 5 పెంచండి. రాయిలా గట్టిగా ఉంటే వేగంగా పోతుందనేది భ్రమ. గరుకు రోడ్డు మీద టైరు ఎగిరెగిరి పడి మీ శ్రమే వృథా అవుతుంది. రిమ్ము హుక్‌లెస్ రకమైతే (టైరు అంచుని పట్టే కొక్కెం లాంటి వంపు లేనిది) 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్ఐ, దాటకూడదు. అలాంటి రిమ్ముకి దానికి సరిపడే టైరే వేయాలి.

ట్యూబులోంచి పంక్చర్ లేకపోయినా గాలి దిగుతూనే ఉంటుంది. వారానికి ఒకసారి గేజు ఉన్న నిలువు పంపుతో చూసుకోండి. వేలితో నొక్కి చూడటం దండగ, 50కీ 70కీ తేడా వేలికి తెలియదు. రోడ్ సైకిళ్ళకి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. కొస మీది చిన్న నట్టు వదులు చేసి, ఒకసారి నొక్కి "ఫుస్స్" అనిపించి, అప్పుడు పంపు తగిలించండి. ఆ నట్టు విప్పకుండా ఎంత కొట్టినా గాలి లోపలికి పోదు.

కొత్త టైరు కొనేటప్పుడు 28-622, 32-622 అని ఉన్న అంకెలు చూడండి. మొదటిది వెడల్పు, రెండోది టైరు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం, మి.మీ.లలో. 700సి అన్నా 622 అన్నా ఒకటే.

రెండు_చక్రాలు:

బరువు గురించి నా మాట: 5 కేజీలు వీపు మీద మోయకండి. చెమట ఒక కారణమే. వంపు హ్యాండిల్ మీద వంగినప్పుడు ఆ బరువంతా భుజాల మీదికీ అరచేతుల మీదికీ జారుతుంది. వెనక్కి తిరిగి చూసుకోవడం కూడా కష్టమవుతుంది. క్యారియర్ బిగించి పక్కకి వేలాడే పానియర్ బ్యాగు ఒకటి తగిలించండి. ఒకే పక్క 5 కేజీలైతే సైకిల్ ఒరిగినట్టు ఒకటి రెండు రోజులు అనిపిస్తుంది, తర్వాత ఒంటికి అలవాటైపోతుంది. బ్యాగుని వీలైనంత వెనక్కి జరిపి తగిలించాలి, లేకపోతే పెడల్ తిప్పినప్పుడల్లా మడమ తగులుతుంది. రోడ్ సైకిళ్ళలో వెనక గొట్టాలు పొట్టివి కాబట్టి ఈ ఇబ్బంది ఎక్కువ. కింది కొక్కెం కూడా క్యారియర్ కడ్డీకి పట్టేలా సర్దండి, లేదంటే మొదటి గుంతలోనే బ్యాగు ఎగిరి చువ్వల్లో పడుతుంది. క్యారియర్ బోల్టులకి మర జిగురు కొద్దిగా రాసి బిగించండి. మొదటి వారం తర్వాత ఒకసారి, ఆపైన నెలకోసారి పానా పెట్టి చూడండి. అదురుకి ముందుగా వదులయ్యేవి అవే. సీటు గొట్టానికి మాత్రమే బిగించే క్యారియర్లని కార్బన్ సీటు గొట్టానికి తగిలించకూడదు.

చెమటకి మందు నెమ్మదే. చివరి 2 కి.మీ. తేలిక గేరులో తొక్కండి. ఆఫీసుకి చేరగానే బట్టలు మార్చకుండా 10 నిమిషాలు ఒళ్ళు చల్లారనిచ్చి, తడి తువ్వాలుతో తుడుచుకుని అప్పుడు మార్చుకోండి. వెంటనే మారిస్తే కొత్త చొక్కా కూడా తడుస్తుంది. సిగ్నళ్ళతో కలిపి 12 కి.మీ.కి 35 నుంచి 45 నిమిషాలు వేసుకోండి. గట్టిగా తొక్కితే మిగిలేది 3, 4 నిమిషాలే, మిగతాదంతా సిగ్నళ్ళే మింగేస్తాయి. మొదటిసారి సెలవు రోజున, బ్యాగుతో సహా, ఆ దారిలోనే వెళ్ళి చూడండి. మొదట్లో వారానికి రెండు రోజులు చాలు.

ఇరుసు:

గేర్లు ఇదే మొదటిసారి అన్నారు కదా, ఒక ముక్క చేరుస్తాను. గేరు మారేది పెడల్ తిరుగుతున్నప్పుడే, అదీ తేలిగ్గా తొక్కుతున్నప్పుడే. ఫ్లైఓవర్ మీద సగం దాకా వచ్చి, బలమంతా పెట్టి తొక్కుతూ మారిస్తే చైను కరకరలాడుతుంది, ఒక్కోసారి జారిపోతుంది. ఎత్తు మొదలవకముందే మార్చేయండి. సిగ్నల్ దగ్గర ఆగబోయేముందు కూడా రెండు గేర్లు తేలిక చేసుకోండి. పెడల్ నిమిషానికి 80 నుంచి 90 చుట్లు తిరిగేలా చూసుకుంటే మోకాళ్ళకి మంచిది. ముందు పెద్ద చక్రం, వెనక కూడా పెద్ద చక్రం, ఈ జోడీ వద్దు, చైను బాగా అడ్డంగా సాగి తొందరగా అరుగుతుంది.

బయల్దేరేముందు ఏ చేతి లివరు ముందు బ్రేకుదో చూసుకోండి, అన్ని సైకిళ్ళకీ ఒకేలా ఉండదు. ఆగేటప్పుడు బరువు ముందుకి వస్తుంది కాబట్టి ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే. రెండూ పట్టండి, ముందుది కాస్త ఎక్కువగా, ఒక్కసారిగా కాకుండా క్రమంగా. చేతులు నిటారుగా బిగించి ఒంటిని కొంచెం వెనక్కి జరపండి. కొత్త డిస్క్ ప్యాడ్లని ట్రాఫిక్‌లోకి తీసుకెళ్ళేముందు ఖాళీ రోడ్డులో 20 సార్లు వేగం తగ్గిస్తూ పెంచుతూ పట్టు తెప్పించాలి.

కొత్త_పెడల్:

అందరికీ థాంక్స్. 32 టైర్లు, డిస్కులు, క్యారియర్ రంధ్రాలు ఉన్నదే తీసుకున్నా. మడమ లెక్కతో సీటు పెట్టుకున్నా, మోకాళ్ళు బాగున్నాయి. రెండు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. 6, 7 కి.మీ. తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. వెనక చక్రం ఒకే వారంలో రెండుసార్లు పంక్చర్ అయింది, టైరు బయట ఏమీ కనిపించలేదు. ట్యూబులో రెండు రంధ్రాలూ లోపలి వైపే, చువ్వల వైపు ఉన్నాయి. దీనికి మందపాటి టైరు కొనాలా?

గాలిపంపు:

టైరు కొనకండి. రంధ్రం చువ్వల వైపు ఉందంటే దోషం రోడ్డుది కాదు, రిమ్ముది. రిమ్ము లోపల చువ్వల గుంటల్ని కప్పుతూ ఒక టేపు ఉంటుంది. అది పక్కకి జరిగితే గాలి ఒత్తిడికి ట్యూబు ఆ గుంటలోకి ఉబ్బి, అంచుకి కోసుకుపోతుంది. టేపు పీకేసి, రిమ్ము లోపలి వెడల్పుకి సరిగ్గా సరిపోయే కొత్త టేపు, జిగురుండేది, గట్టిగా లాగి అంటించండి. ఏ గుంటా బయటికి కనబడకూడదు. వాల్వ్ రంధ్రం దగ్గర చిన్న చిల్లు పెడితే చాలు.

ఇకముందు టైరు ఎక్కించే ప్రతిసారీ దాని మీది కంపెనీ పేరు వాల్వ్ దగ్గరే ఉండేలా అమర్చుకునే అలవాటు చేసుకోండి. అప్పుడు పంక్చరైతే ట్యూబులో రంధ్రం వాల్వ్‌కి ఎంత దూరంలో ఉందో, టైరులో దోషి కూడా సరిగ్గా అంత దూరంలోనే దొరుకుతాడు. బయటి వైపు ఒక్క రంధ్రం ఉంటే ముల్లో సన్నటి ఇనుప తీగో. టైరు లోపల గుడ్డతో మెల్లగా తడుముతూ పోండి, గుడ్డ చిక్కుకున్న చోట అది ఉంటుంది. ఒట్టి వేలు పెట్టకండి, గుచ్చుకుంటుంది. పక్కపక్కన రెండు చీలికలు, పాము కాటులా ఉంటే, గాలి తక్కువై గుంతలో రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగింది. వాల్వ్ మొదట్లో చిరిగితే పంపు తగిలించేటప్పుడు వాల్వ్‌ని అటూ ఇటూ వంచుతున్నారని అర్థం. దానికి ప్యాచ్ నిలవదు, ట్యూబు పారేయాల్సిందే.

ట్యూబు మార్చేటప్పుడు: చైను వెనక అన్నిటికన్నా చిన్న చక్రం మీదికి తెచ్చి చక్రం విప్పండి. డిస్కులు హైడ్రాలిక్ అయితే చక్రం లేనప్పుడు లివరు నొక్కకండి, ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి మళ్ళీ డిస్కు దూరదు. మిగిలిన గాలి పూర్తిగా తీసేసి, టైరు అంచుల్ని చుట్టూ రిమ్ము మధ్య గాడిలోకి నొక్కితే వదులొస్తుంది. రెండు ప్లాస్టిక్ లివర్లతో ఒక అంచు మాత్రమే బయటికి తీస్తే చాలు. కొత్త ట్యూబుకి ఆకారం వచ్చేంత గాలి కొట్టి లోపల పెట్టండి, మడత పడదు. టైరు ఎక్కించడం వాల్వ్‌కి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి. చివరి ముక్క బిగుతుగా ఉందని లివరు వాడితే సగం సార్లు కొత్త ట్యూబే చిల్లు పడుతుంది. ఎదురు వైపు అంచుల్ని మళ్ళీ గాడిలోకి నొక్కుకుంటూ వస్తే చేతులతోనే ఎక్కుతుంది. పూర్తిగా గాలి కొట్టేముందు వాల్వ్‌ని ఒకసారి లోపలికి తోసి వదలండి, చుట్టూ ట్యూబు ఎక్కడైనా అంచు కింద ఇరుక్కుందేమో చూడండి.

ప్యాచ్ ఇంటికెళ్ళి తీరిగ్గా వేసుకోండి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, మెరుపు పోయేదాకా ఆరనివ్వాలి. తడిగా ఉండగా అంటిస్తే వారం తిరక్కుండా లేచిపోతుంది.

రెండు_చక్రాలు:

వేళ్ళ తిమ్మిరికి: చిటికెన వేలు, ఉంగరపు వేలు అంటే అరచేతి అంచున పోయే అల్నార్ నరం మీద బరువు పడుతోంది. గ్లవ్స్ కొనేముందు సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. ఫోనులో లెవెల్ చూపించే యాప్‌తో సీటు సమంగా పెట్టండి. ముక్కు కిందికుంటే ఒళ్ళు ముందుకి జారుతూ ఉంటుంది, దాన్ని ఆపేది చేతులే. అది సరిగ్గానే ఉంటే స్టెమ్ పైన రింగులు ఉన్నాయా లేక అన్నీ కిందే ఉన్నాయా చూడండి. పైనుంటే వాటిని కిందికి మారిస్తే హ్యాండిల్ లేస్తుంది. పై మూత బోల్టు తీసే ముందు స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయాలి. తిరిగి బిగించేటప్పుడు ముందు పై మూతని కదలిక పోయేంత వరకే, హ్యాండిల్ సూటిగా ఉందని చూసుకుని తర్వాత పక్క బోల్టులు. చాలా స్టెమ్‌లకి 5 న్యూటన్ మీటర్లని దాని మీదే రాసి ఉంటుంది. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే "టకటక" అనకూడదు.

తొక్కేటప్పుడు మోచేతులు కొద్దిగా వంచండి, మణికట్టు వంగకుండా సూటిగా ఉండాలి. కొన్ని నిమిషాలకోసారి చేతులు హుడ్ల (బ్రేకు లివర్ల పైనుండే రబ్బరు పిడుల) మీద నుంచి పై కడ్డీ మీదికి మార్చండి. వంపు హ్యాండిల్ సుఖమంతా ఆ మార్పులోనే ఉంది. ఇవన్నీ చేశాక కూడా తిమ్మిరి ఉంటే ఒక సైజు పొట్టి స్టెమ్ వేయించుకోండి.

చైను_నూనె:

రోడ్డు మీద ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు. ఆగి ఉన్న కార్లకి కనీసం ఒక మీటరు ఎడం ఉంచండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. రోడ్డు అంచుకి అతుక్కుని పోవద్దు. గాజు పెంకులు, ఇసుక అక్కడే చేరతాయి, పైగా వెనకవాళ్ళకి మిమ్మల్ని రాసుకుంటూ దాటొచ్చనిపిస్తుంది. ఆగి ఉన్న లారీ, బస్సు ఏ వైపు తిరగబోతోందో ఆ వైపు సందులోకి ఎప్పుడూ దూరకండి, డ్రైవరుకి మీరు కనబడరు. తడిసిన మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్ల గీతలు సబ్బులా జారతాయి. వాటి మీద బ్రేకు, మలుపు రెండూ వద్దు. రైలు పట్టాల్ని అడ్డంగా, వీలైనంత 90 డిగ్రీల్లో దాటండి.

లైట్లు పగలు కూడా వెలగనివ్వండి. ముందు లైటు వెలుగు ఎదుటివారి కళ్ళలో పడకుండా కాస్త కిందికి వంచండి. చీకటి రోడ్డు కనబడాలంటే 300 నుంచి 500 ల్యూమెన్లు కావాలి. చీలమండలకి మెరిసే పట్టీలు కట్టుకుంటే చొక్కా మీద గీతల కన్నా దూరం నుంచే తెలుస్తారు, పైకీ కిందికీ కదిలేది మనిషేనని వెంటనే పోల్చుకుంటారు. హెల్మెట్ కనుబొమలకి రెండు వేళ్ళ పైన, సమంగా ఉండాలి. గట్టిగా ఒకసారి దెబ్బ తింటే పైకి బాగానే కనబడినా మార్చేయాలి.

చైను 200, 300 కి.మీ.కి ఒకసారి, వాన తర్వాత మాత్రం అదే రోజు. ముందు గుడ్డతో శుభ్రంగా తుడవాలి. ప్రతి లింకు రోలరు మీద ఒక్క చుక్క చైను లూబ్ వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పావుగంట ఆగి, పైకి కనబడేదంతా తుడిచేయాలి. పని చేసేది లోపలికి పోయిందే, పైన మిగిలింది దుమ్ము పట్టే జిగురు. స్ప్రే డబ్బాలు డిస్కుల దగ్గరికి తేవద్దు, ఒక్క తుంపర పడినా ప్యాడ్లు కీచుమంటూ పట్టు వదిలేస్తాయి. అరుగుదల స్కేలుతో చూడొచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలేసి లెక్కపెట్టి, 24వ పిన్ను మధ్యకి కొత్త చైనులో 304.8 మి.మీ. ఉంటుంది. వెనక 11, 12 గేర్లుంటే 306.3 దగ్గర, 10 లేదా తక్కువ ఉంటే 307 దగ్గర మార్చండి. ఆలస్యం చేస్తే క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) కూడా మార్చాల్సి వస్తుంది.

కొత్త_పెడల్:

రిమ్ము టేపు జరిగిన మాట నిజమే, రెండు గుంటలు బయటికి కనబడుతున్నాయి. సీటు ముక్కు కూడా కిందికే ఉంది. ఇంకొక్కటి: బూట్లు ఇరుక్కునే క్లిప్ పెడళ్ళు ఇప్పుడే వేసుకోవచ్చా?

ఇరుసు:

ఆఫీసుకైతే మామూలు పెడళ్ళే ఉంచండి, సిగ్నల్ సిగ్నల్‌కీ కాలు దించాలి. గేర్లు, బ్రేకులు ఆలోచించకుండా చేతికి వచ్చాక చూద్దాం. అప్పుడు వేసుకున్నా రెండు బోల్టుల ఎస్‌పీడీ రకం తీసుకోండి, క్లీటు (పెడల్‌లో ఇరుక్కునే ముక్క) బూటు అడుగు లోపలికి ఉంటుంది కాబట్టి నడవొచ్చు. బిగువు స్క్రూ పూర్తిగా వదులు చేసి, గోడ పట్టుకుని మడమ బయటికి తిప్పి విడిపించడం ముందు సాధన చేయాలి. పెడళ్ళు మార్చేటప్పుడు ఎడమ పెడల్ మర ఎదురు దిక్కున ఉంటుందని గుర్తుంచుకోండి, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. మరలకి కాస్త గ్రీజు రాసి, మొదటి రెండు చుట్లు చేత్తోనే ఎక్కించండి.